ఎర్రకోటు తిలంగా

లండన్‌లో మాకు ఉన్నది ఒక్కరోజు. "టవర్ బ్రిడ్జి చూద్దామా, బకింగ్‌హామ్ ప్యాలెస్ చూద్దామా మావయ్యా?" అని అడిగాడు మా మేనల్లుడు. చెల్సీ వెళ్దామన్నాను. స్లోన్ స్క్వేర్‌లో రైలు దిగి కాస్త నడిస్తే నేషనల్ ఆర్మీ మ్యూజియం వస్తుంది. లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు. కత్తులు, పతకాలు, సైనిక దుస్తులు అన్నీ దాటుకుంటూ వెళ్లి ఒక అద్దాల పెట్టె ముందు ఆగాను. పెట్టె అనేశాను గానీ, దాని వైశాల్యం సుమారు 400 చదరపు అడుగులు. మా పిఠాపురం ఇంట్లో హాలూ వంటగదీ కలిపినా అంత ఉండవు. అందులో 1815 జూన్ 18 సాయంత్రం ఏడు గంటల వేళ వాటర్లూ యుద్ధభూమి ఉంది.

డెబ్బై వేలకు పైగా బొమ్మలు. సీసం, తగరం కలిపి పోసినవి. ఒక్కోటి చిటికెన వేలి గోరంత. వరసలు, గుర్రాలు, ఫిరంగులు, తొక్కిన చేలు, ఎర్ర పెంకుల ఇళ్లు. దూరం నుంచి చూస్తే ఎవరో పళ్లెంలో ఆవాలూ మిరపగింజలూ పోసి వేరుచేసినట్టుంటుంది. అద్దానికి ముక్కు ఆనించి చూస్తే ఒక్కో గింజకీ ఒక టోపీ, ఒక తుపాకీ.

దీన్ని చేయించినాయన పేరు విలియం సైబోర్న్. బ్రిటిష్ సైన్యంలో చిన్న అధికారి, సర్వే పనిలో దిట్ట. 1830లో సైన్యం పెద్దలు ఆయనకు ఈ పని అప్పగించారు. ఆయన వాటర్లూ వెళ్లి, యుద్ధం మధ్యలో నలిగిన లా హే సాంత్ అనే రైతు ఇంట్లో ఎనిమిది నెలలు మకాం పెట్టి ప్రతి మిట్టా పల్లం కొలిచాడు. తిరిగొచ్చాక, యుద్ధంలో బతికి బయటపడ్డ అధికారులకు ఉత్తరాలు రాశాడు. ఆ సాయంత్రం ఏడింటికి మీ దళం ఎక్కడుంది, మీకెదురుగా శత్రువు ఏ తీరున నిలబడ్డాడు, పొలంలో ఏ పంట ఉంది అని. వందల జవాబులొచ్చాయి. 1833లో ప్రభుత్వం డబ్బు ఆపేసింది. సొంత డబ్బూ అప్పూ కలిపి పని ముగించి, 1838లో లండన్ పికడిల్లీలోని ఈజిప్షియన్ హాల్లో ప్రదర్శనకు పెట్టాడు. జనం విరగబడి చూశారు, అయినా ఆ అప్పు ఆయన్ని వదల్లేదు.

నన్ను అక్కడ ఎక్కువసేపు నిలబెట్టింది మరో సంగతి. ఆయన లెక్క ప్రకారం, ఆ సాయంత్రానికి ఇంగ్లీషువాళ్లకు మద్దతుగా వచ్చిన ప్రష్యన్ సైన్యం పెద్దసంఖ్యలో యుద్ధభూమికి చేరిపోయింది. అలాగే బొమ్మలు పెట్టాడు. అది ఇంగ్లీషు సేనాని వెల్లింగ్టన్‌కీ ఆయన మనుషులకీ నచ్చలేదు. గెలుపులో సగం పంచినట్టు కనిపిస్తుందిగా. చివరికి సైబోర్న్ తను పెట్టిన ప్రష్యన్లలో చాలామందిని బల్ల మీంచి ఎత్తేశాడు. పుస్తకంలో ఒక దళాన్ని ఒక వాక్యంలో దాటేయొచ్చు, "మరికొందరు" అని రాసి ఊరుకోవచ్చు. బల్ల మీద ఆ వీలు లేదు. మనిషి ఉంటే బొమ్మ ఉండాలి. బొమ్మ లేకపోతే ఆ చోటు ఖాళీగా కనిపిస్తుంది.

నేను ఈ దేశం వచ్చింది ఆ ఖాళీ నింపుకునే పని మీదే.

మా ఊరికి దగ్గర్లో, గొల్లప్రోలు మండలంలో చందుర్తి అనే ఊరుంది. 1758 డిసెంబరులో అక్కడ ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ యుద్ధం చేశారు. ఇంగ్లీషు చరిత్రల్లో దాని పేరు కాండోర్. కోస్తా జిల్లాలు అప్పటికి ఐదేళ్లుగా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్నాయి. విజయనగరం ఆనంద గజపతిరాజు కబురు పెడితే, క్లైవు బెంగాలు నుంచి కర్నల్ ఫోర్డ్‌ని పంపించాడు. అవతల ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్. ఫోర్డ్ గెలిచాడు, మరుసటి ఏప్రిల్లో బందరు కోట పట్టుకున్నాడు, కోస్తా మీద ఫ్రెంచివాళ్ల పట్టు పోయింది. చిన్నప్పుడు చందుర్తి మీదుగా ఎన్నోసార్లు సైకిల్ తొక్కాను. ఈ సంగతి నాకు బళ్లో ఎవరూ చెప్పలేదు.

దాన్ని 28 మిల్లీమీటర్ల బొమ్మలతో బల్ల మీద నిలబెట్టాలని మూడేళ్ల కిందట మొదలుపెట్టాను. బొమ్మలతో యుద్ధక్రీడలు ఆడేవాళ్లు మొదట చేసే పని లెక్క. ఒక బొమ్మ ఎంతమంది సైనికులకు సమానమో తేల్చుకోవాలి. నేను ఒకటికి ఇరవై అనుకున్నాను. ఆ కాలపు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ ఇచ్చిన అంకెలు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. ఫోర్డ్ దగ్గర ఐరోపా సైనికులు 470, అంటే 24 బొమ్మలు. సిపాయిలు 1,900, అంటే 95. కాన్‌ఫ్లాన్స్ దగ్గర ఐరోపావాళ్లు 500, అంటే 25. సిపాయిలు 6,000, అంటే 300. గజపతిరాజు కాల్బలం 5,000, బల్లేలూ విల్లంబులూ పట్టినవాళ్లే ఎక్కువ. వాళ్లు 250.

కాగితం మీద కూడి చూస్తే నాకు ఒళ్లు జలదరించింది. "ఇంగ్లీషు ఫ్రెంచి యుద్ధం" అని పిలిచే ఆ బల్ల మీద ఐరోపావాళ్లు 49 మంది. మనవాళ్లు 645 మంది.

ఆ సిపాయిల్లో కొందరి కోటు ఎర్రది. ఆ రంగే ఆ రోజు యుద్ధాన్ని తిప్పింది. 1757లో క్లైవు బెంగాలులో మొదటి సిపాయి పటాలం కట్టి ఎర్రకోట్లు తొడిగించాడు. లాల్ పల్టన్ అన్నారు దాన్ని. ఫ్రెంచివాళ్లు అటువంటి సిపాయిల్ని అంతకుముందు చూడలేదు. చందుర్తి దగ్గర ఫోర్డ్ తన ఇంగ్లీషు పటాలాన్ని మనిషి ఎత్తు పెరిగిన చేను వెనక ఉంచాడు. ఫ్రెంచి పటాలానికి ఎదురుగా కనిపించినవి ఎర్రకోట్లు. ఇంగ్లీషువాళ్లు వీళ్లేనని వాళ్ల మీద పడ్డారు. సిపాయిలు వెనక్కి తగ్గారు. తరుముతూ వరస చెదిరిన ఫ్రెంచివాళ్ల మీద, చేను చాటునుంచి బయటికొచ్చిన అసలు ఇంగ్లీషు పటాలం తుపాకులు పేల్చింది. బొమ్మలకు రంగు వేసేవాడికి ఇంతకంటే కావలసిన యుద్ధం ఇంకొకటి ఉంటుందా?

ఆ ఎర్రకోటు సిపాయిల్ని బెంగాలు, బీహారు జనం ఏమని పిలిచేవారో తెలుసా? తిలంగాలు. క్లైవుతో మద్రాసు నుంచి మొదట వెళ్లిన సిపాయిల వల్ల ఆ పేరు పడింది. దక్షిణాదివాళ్లు, తెలుగు వైపు వాళ్లు. తర్వాత చేరినవాడు బీహారువాడైనా, అవధ్ వాడైనా పేరు మాత్రం తిలంగానే. 1857 దాకా ఆ మాట నిలిచింది. మన పేరు మోస్తున్న ఎర్రకోటువాళ్లు ఓడలెక్కి మన నేలకొచ్చి, అవతలి పక్షపు సిపాయిలతో తలపడ్డారు. వాళ్లలో ఒక్కడి పేరు కూడా నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

మర్నాడు కింగ్స్ క్రాస్‌లో రైలెక్కి న్యూఆర్క్ చేరాం. ట్రెంట్ నది ఒడ్డున చిన్న ఊరు. ఇంగ్లండు అంతర్యుద్ధంలో మూడుసార్లు ముట్టడికి గురై, 1646లో రాజు చెప్పాకే లొంగింది. ఊరి చివర ప్రదర్శన మైదానంలో ఏడాదికి రెండుసార్లు పార్టిజాన్ అనే యుద్ధక్రీడల మేళా జరుగుతుంది. నేను ఈ ప్రయాణం పెట్టుకున్నది ఆ మేళా జరిగే ఆదివారం చూసుకునే.

పెద్ద షెడ్డు. లోపల అడుగు పెట్టగానే పాచికలు బల్లల మీద దొర్లే చప్పుడు. ఒక బల్ల మీద రష్యా మంచు, పక్క బల్ల మీద ఈజిప్టు ఎడారి, ఇంకోచోట అమెరికా అంతర్యుద్ధంలోని మొక్కజొన్న చేలు. చేతిలో కొలత టేపు పట్టుకున్న తాతలు, వాళ్ల పక్కన మనవలు. దళం ఎన్ని అంగుళాలు నడవాలో టేపు చెబుతుంది, గుండు తగిలిందో లేదో పాచిక చెబుతుంది. రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో 'లిటిల్ వార్స్' అనే పుస్తకంలో ఈ ఆటకు నియమాలు రాసినప్పుడు, పిల్లల ఆట ఫిరంగిలోంచి చిన్న పుల్ల పేల్చి బొమ్మల్ని పడగొట్టేవాళ్లు. డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ 1962లో 'వార్ గేమ్స్' రాశాక పెద్దవాళ్లు సిగ్గుపడకుండా ఈ ఆట మొదలుపెట్టారని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆయన రెండో ప్రపంచయుద్ధంలో ట్యాంకు దళంలో పనిచేసినవాడు. యుద్ధం చూసివచ్చిన మనిషికి యుద్ధపు ఆట ఎందుకు కావాల్సివచ్చిందని చాలాకాలం ఆలోచించాను. అక్కడ ఆ తాతల ముఖాలు చూశాక కొంత అర్థమైంది. ఆ బల్ల దగ్గర ఎవరూ అరవడం లేదు. "అలా కాకుండా ఇలా జరిగుంటే?" అని నెమ్మదిగా మాట్లాడుకుంటున్నారు.

గోడల వెంట దుకాణాలు. ఇక్కడి నుంచి నాటింగ్‌హామ్ దాకా ఉన్న ప్రాంతాన్ని ఈ ఆటవాళ్లు 'లెడ్ బెల్ట్' అంటారు, అంటే సీసం సీమ. బ్రయన్ ఆన్సెల్ అనే ఆయన 1979లో న్యూఆర్క్‌లో సిటడెల్ మినియేచర్స్ మొదలుపెట్టాడు. అక్కడ పని నేర్చుకున్న శిల్పులు తర్వాత ఎవరికి వారు సంస్థలు పెట్టుకున్నారు. ఒక ఊళ్లో ఒక మంచి కంసాలి ఉంటే ఆ వీధంతా కంసాలులైనట్టు. పెర్రీ సోదరులు, కవలలు, 2001లో పెర్రీ మినియేచర్స్ పెట్టారు. ఆ ఇద్దరిలో ఒకరికి పాతకాలపు యుద్ధాన్ని అభినయించే ఉత్సవంలో ఫిరంగి ప్రమాదం జరిగి కుడిచెయ్యి పోయింది. ఎడమచేత్తో బొమ్మలు చెక్కడం మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నాడు. వాళ్ల దుకాణం ముందు నిలబడి, ఈ బొమ్మల్లో ఆ ఎడమచేతివి ఏవో పోల్చడానికి చూశాను. పోల్చలేకపోయాను. అన్నిటి కోటు మడతలూ ఒక్కలాగే ప్రాణంతో ఉన్నాయి.

ఒక మూల చిన్న దుకాణంలో ఒకాయన బొమ్మ ఎలా పుడుతుందో చేసి చూపిస్తున్నాడు. పసుపు పట్టీ, నీలం పట్టీ కలిపి పిసికితే పచ్చటి ముద్దవుతుంది. దాన్ని గ్రీన్ స్టఫ్ అంటారు. గట్టిపడేలోగా తీగ అస్థిపంజరం మీద దుస్తులు, ముఖం, వేళ్లు మలచాలి. మా కొండపల్లి బొమ్మలకు చింతగింజల పిండీ రంపప్పొట్టూ కలిపిన మక్కుతో చేతులూ కాళ్లూ అతుకుతారే, అదే వరస. మక్కు ఆరాక కొండపల్లిలో తెల్లసుద్ద పూత వేస్తారు, తర్వాతే రంగులు. ఇక్కడ దానికి ప్రైమర్ అని పేరు. నేను ఈ సంగతి చెబితే ఆయన పని ఆపి, ఫోన్లో కొండపల్లి అంబారీ ఏనుగు బొమ్మ చూపించమన్నాడు. చూసి, ఏ చెక్క అని అడిగాడు. తెల్ల పొణికి అన్నాను. మూడుసార్లు పలికి నేర్చుకున్నాడు.

పచ్చబొమ్మ గట్టిపడ్డాక రబ్బరు పళ్లేల మధ్య పెట్టి వేడీ ఒత్తిడీ పెడితే అచ్చు తయారవుతుంది. అచ్చును యంత్రంలో గిర్రున తిప్పుతూ మధ్యలో కరిగిన లోహం పోస్తే, అది విసురుకి అంచుల్లోని ప్రతి గుంటలోకీ, తుపాకీ మొన దాకా పాకుతుంది. చల్లారాక తీస్తే బొమ్మలు చక్రం ఆకుల్లా వరసగా ఉంటాయి. అతుకు దగ్గర మిగిలిన పలచటి రెక్కల్ని చాకుతో గీకి, ఆకురాయితో నున్నగా చెయ్యాలి. తొందరపడి ఈ పని వదిలేస్తే, ఎంత రంగు వేసినా ఆ గీత కనిపిస్తూనే ఉంటుంది.

సిపాయిలున్నాయా అని అడిగాను. ఆయన వంగి కింది అరలోంచి ఒక పెట్టె తీశాడు. మోకాళ్ల పైకి ఉండే లాగు, నగ్నమైన కాళ్లు, తలపాగా, కోటు. చేతిలో బరువుగా, చల్లగా. పెట్టె మీద "సిపాయి" అని మాత్రం ఉంది. బెంగాలులో వీళ్లనేమనేవారో, అది మా భాష పేరు ఎలా అయిందో చెప్పాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని ఒక చీటీ మీద "తిలంగా" అని ఇంగ్లీషులో రాసి, పెట్టెకి అంటించాడు. నేను తొంభై ఐదూ కొనేశాను. చీటీ మాత్రం అరలో మిగిలిన పెట్టె మీద ఉంచమన్నాను.

రంగు సంగతి ఇంకొక బల్ల దగ్గర తెలిసింది. అక్కడ ఒక పెద్దావిడ భూతద్దం కింద మొరాకో సైనికుడి ముఖం దిద్దుతోంది. నేను మూడేళ్లుగా మన మేనిరంగు వేస్తూ ఓడిపోతున్నానని చెప్పాను. నలుపు కలిపితే బొగ్గులా, తెలుపు కలిపితే బూడిదలా తేలేది. ఆవిడ నా చేతిని వెలుతురులోకి తిప్పి చూసింది. "నీడలో చూడండి, ఎరుపుంది" అంది. ముదురు ఎర్రమట్టి రంగుతో మొదలుపెట్టాలట. పైన చెక్క గోధుమ, ఆ పైన కొంచెం నారింజ కలిపిన లేత గోధుమ. వెలుతురు రంగు ముక్కుదూలం మీద, చెంప ఎముక మీద, వేళ్ల కణుపుల మీద మాత్రమే. నా చెయ్యి నేనే మొదటిసారి చూసుకున్నట్టు అనిపించింది. ఎర్రకోటుకి కూడా అదే నియమం. ఎరుపును వెలిగించడానికి తెలుపు కలిపితే గులాబీ అవుతుంది, నారింజ కలపాలి.

మేళా ముగిశాక మేనల్లుడు స్టేషన్లో ఉంచిన తన కారు తీసి పాత రోమన్ దారి ఫాస్ వే మీద పోనిచ్చాడు. కొద్ది మైళ్లలో ఈస్ట్ స్టోక్. పచ్చిక, చెట్లు, చర్చి. ఇక్కడి స్టోక్ హాల్‌లోని ఫౌండ్రీ అనే బొమ్మల సంస్థ, బొమ్మలు సేకరించేవాళ్లందరికీ తెలిసిన చిరునామా. 1487 జూన్ 16న గులాబీల యుద్ధాల్లో ఆఖరి పోరు జరిగింది కూడా ఇక్కడే. పారిపోతున్నవాళ్లను నదివైపు దిగే ఒక వాగు లోయలో నరికేశారు. దాన్ని ఇప్పటికీ రెడ్ గటర్ అంటారు. వాళ్లలో చాలామంది ఐర్లండు నుంచి వచ్చినవాళ్లు, ఒంటిమీద కవచం లేనివాళ్లు. మేనల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. "వీళ్లకీ చందుర్తివాళ్లలాగే పేర్లుండవు కదా మావయ్యా" అన్నాడు కారెక్కాక.

ఆ రాత్రి నాటింగ్‌హామ్‌లో అక్కావాళ్ల వంటగది బల్ల మీద మొదటి బొమ్మ పట్టాను. వాడు పక్కన కూర్చుని రెండోది పట్టాడు. "ఏరా, కోటుకి నిగనిగలాడే ఎరుపు వెయ్యకు" అన్నాను. "ఎందుకు? లాల్ పల్టన్ కదా?" అన్నాడు. ఫోర్డ్ మనుషులు అక్టోబరులో విశాఖపట్నంలో దిగారు. చందుర్తి చేరేసరికి డిసెంబరు. అన్నాళ్ల ఎండ, ఉప్పుగాలి, వాగులు దాటిన తడి. ఎరుపు వెలిసిపోయి ఉండాలి, భుజాల మీద మరీ. అంచుల్లో దుమ్ము ఉండాలి. లాగు తెల్లగా కాదు, గంజి రంగులో ఉండాలి. చెప్పానో లేదో, వాడు తన బొమ్మ భుజాల మీద లేత ఇటుకరంగు పొడికుంచెతో అద్దడం మొదలుపెట్టాడు. రాత్రి రెండింటికి అక్క లేచి వచ్చి లైటు వెలుగుతుండడం చూసి, టీ పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది.

ఇంటికొచ్చిన వారానికి స్కూటరు మీద చందుర్తి వెళ్లాను. బొమ్మ కాళ్ల కింద బేసుకి ఇసుకా జిగురూ వేసి రంగేస్తారు మామూలుగా. నాకు ఆ మట్టే కావాలి. ఒక గట్టు మీద కూర్చుని అరకిలో సంచిలో పోసుకుంటుంటే పొలంలో ఉన్న రైతు వచ్చి ఎందుకండీ అని అడిగాడు. జేబులో డబ్బా తీసి, దూదిలోంచి బొమ్మ అతని చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎవరీయన?" అన్నాడు. ఇక్కడ యుద్ధానికి వచ్చాడని చెప్పాను. ఏ పక్షమని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. "చెప్పుల్లేవా?" అన్నాడు.

మట్టి రెండ్రోజులు మేడమీద ఆరబెట్టి, టీ వడపోసే జల్లెడతో జల్లించాను. తడిస్తే ముదురుగా, ఆరితే లేతగా తేలింది. జిగురు పూసి పన్నెండు బొమ్మల కాళ్ల కింద అద్దాను. ఎర్రకోట్లే ఇంకా ఎనభై మూడున్నాయి.